ఫ్రీజ్ డ్రై పెప్టైడ్‌ని ల్యాబ్‌లో సరిగ్గా కరిగించడం ఎలా: 5 మి.గ్రా. లేబుల్ ఉన్నంత మాత్రాన లోపల 5 మి.గ్రా. పెప్టైడ్ ఉండదు

పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) వయల్, అంటే చిన్న సీసా, చేతికి రాగానే అందరూ అడిగే మాట ఒక్కటే, "ఇందులో ఎన్ని ఎంఎల్ పోయాలి?" మీరు నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఉన్నా, పాలమూరు యూనివర్సిటీలో ఉన్నా, చౌటుప్పల్ జడ్చర్ల వైపు ఏదైనా కంపెనీ ల్యాబ్‌లో కొత్తగా చేరినా, ఈ ప్రశ్నకి జవాబు వయల్ మీద రాసి ఉండదు. దాంతోపాటు వచ్చే సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ అనే కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని చాలామంది చదవకుండానే ఫైల్‌లో పెట్టేస్తారు, ఆ తర్వాత మూడు నెలలు ప్రయోగం ఒకసారి వచ్చి ఇంకోసారి రాక పరేషాన్ అవుతుంటారు. తప్పు నీళ్లు పోయకముందే జరిగిపోతుంది. అందుకే ఇక్కడ నీళ్లు పోయడం కంటే ముందు పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇది పూర్తిగా ల్యాబ్ పని కోసం, అంటే సెల్ కల్చర్, ఎంజైమ్ అస్సే, బైండింగ్ స్టడీ లాంటి వాటి కోసం. "రీసెర్చ్ యూజ్ ఓన్లీ" అని రాసిన పొడిని కరిగించి ఒంట్లోకి ఎక్కించుకోవడానికి కాదు. బరువు తగ్గడానికి, కండలు రావడానికి అంటూ ఇలాంటి పొడులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటికి మందుకి చేసే స్టెరిలిటీ (సూక్ష్మజీవులు లేవని చూసే), ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం) పరీక్షలు జరిగాయన్న భరోసా ఏదీ ఉండదు. మీ తమ్ముడో, జిమ్‌కి వెళ్లే దోస్తో "నువ్వు ల్యాబ్‌లో చేస్తావు కదా, ఇది కలిపి ఇయ్యి" అని అడిగితే మొహమాటం లేకుండా కాదనండి.

వయల్ వచ్చిన రోజు

ఫ్రీజ్ డ్రై అంటే ద్రావణాన్ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి, ఐస్‌ని కరగనివ్వకుండా నేరుగా ఆవిరి చేసి తీసేయడం. నీళ్లు ఆవిరైపోయాక మిగిలేది దూదిలాంటి తేలికపాటి పొడి. ఒక్కోసారి వయల్ అడుగున సన్నటి పొరలా అంటుకుని ఉంటుంది, ఖాళీ వయల్ పంపించారని భయపడకండి. నీళ్లు లేవు కాబట్టే చాలా పెప్టైడ్‌లు పొడిగా ఉన్నప్పుడు కొరియర్‌లో రెండు మూడు రోజుల ప్రయాణాన్ని తట్టుకుంటాయి. అలాగని హైదరాబాద్ నుంచి వచ్చిన పార్సిల్‌ని మే నెల ఎండలో, ఆఫీస్ రూమ్‌లో, సోమవారం దాకా పడేసి ఉంచమని కాదు. ప్రోటోకాల్‌లో "రూమ్ టెంపరేచర్" అని రాస్తే దాని అర్థం 20 నుంచి 25 డిగ్రీలు. బయట 44 డిగ్రీలు కొడుతుంటే ఏసీ లేని మన గదిలో అది రూమ్ టెంపరేచర్ కానే కాదు. ఆఫీస్ సార్‌కి ముందే చెప్పి పెట్టండి, పార్సిల్ వచ్చిన రోజే ఫోన్ చేయమని.

వచ్చిన వెంటనే పేరు, సీక్వెన్స్ (అందులోని అమైనో ఆమ్లాల వరుస), బ్యాచ్ నంబర్, తేదీ నోట్‌బుక్‌లో రాసుకుని, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టి, వెలుతురు తగలకుండా మైనస్ 20లో పెట్టండి. చాలాకాలం దాచాలంటే మైనస్ 80 ఇంకా మంచిది. సీక్వెన్స్‌లో సిస్టీన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్ ఉంటే అవి గాలిలోని ఆక్సిజన్‌తో చెడిపోతాయి, ఆస్పరాజిన్, గ్లూటమిన్ ఉంటే తేమతో మెల్లగా మారిపోతాయి, కాబట్టి వాటి విషయంలో బద్ధకం అస్సలు వద్దు. ఇళ్లలో వాడే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఫ్రీజర్ ఈ పనికి పనికిరాదు, మంచు పేరుకోకుండా అది మధ్యమధ్యలో తనంతట తానే వేడెక్కుతుంది.

సర్టిఫికెట్ చదవడం, లెక్క వేయడం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి నిదానంగా చదవండి. సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్‌లో రెండు శాతాలు ఉండాలి. ఒకటి హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలో ఉన్నవాటిని విడదీసి కొలిచే పద్ధతి) ప్యూరిటీ, రెండోది నెట్ పెప్టైడ్ కంటెంట్. ఈ రెండూ ఒకటే అనుకోవడమే పెద్ద చిక్కు. ప్యూరిటీ 95 శాతం అంటే, పొడిలో ఉన్న పెప్టైడ్ సరుకులో 95 వంతులు మీకు కావలసిన పెప్టైడ్, మిగతా 5 వంతులు సింథసిస్‌లో ఒక అమైనో ఆమ్లం తప్పిపోయినవీ, తెగిపోయినవీ. అంతే. పొడి మొత్తం బరువులో పెప్టైడ్ ఎంత అన్నది అది చెప్పదు. పొడిలో పెప్టైడ్ కాకుండా ఉప్పు రూపంలో అంటుకున్న టీఎఫ్ఏ (ట్రైఫ్లోరో అసెటిక్ యాసిడ్) గానీ అసిటేట్ గానీ ఉంటుంది, ఎంత ఆరబెట్టినా కొంత తేమ ఉంటుంది. మన దగ్గర కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకం వేసేటప్పుడు తేమ ఎంత, తాలు ఎంత అని చూసి తరుగు తీస్తారు కదా, ఇక్కడా ఆ తరుగు తీయాల్సిందే, బస్తా బరువు వడ్ల బరువు కాదు. ఈ తరుగు పోగా మిగిలేదే నెట్ పెప్టైడ్ కంటెంట్. మామూలుగా అది 60 నుంచి 90 శాతం మధ్య ఉంటుంది.

ఒక లెక్క చేద్దాం. యాంజియోటెన్సిన్ 2 తీసుకోండి, 8 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, మాలిక్యులర్ వెయిట్ 1046.2. లేబుల్ 5 మి.గ్రా., నెట్ పెప్టైడ్ 72 శాతం, ప్యూరిటీ 95 శాతం అనుకుందాం. 5ని 0.72తో, దాన్ని మళ్లీ 0.95తో గుణిస్తే 3.42 మి.గ్రా. వస్తుంది. దాన్ని 1046.2తో భాగిస్తే 3.27 మైక్రోమోల్. మీకు 1 మిల్లీమోలార్ స్టాక్ (తర్వాత పలచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం, మి.లీ.కి 1 మైక్రోమోల్) కావాలంటే పోయాల్సింది 3.27 మి.లీ. ఇదేమీ చూడకుండా లేబుల్ మీది 5 మి.గ్రా.నే నమ్మి లెక్కేస్తే 4.78 మి.లీ. పోస్తారు, అప్పుడు మీ ట్యూబ్ మీద 1 మిల్లీమోలార్ అని రాసి ఉంటుంది, లోపల ఉండేది 0.68. దాదాపు మూడో వంతు తక్కువ. ఇంకో బ్యాచ్ తెప్పిస్తే దాని పెప్టైడ్ కంటెంట్ వేరేగా ఉంటుంది, అప్పుడు పాత గ్రాఫ్‌కీ కొత్త గ్రాఫ్‌కీ పొంతన ఉండదు, తప్పంతా సెల్స్ మీదకు తోసేస్తారు.

నెట్ పెప్టైడ్ అంకె వాడినప్పుడు మాలిక్యులర్ వెయిట్ ఉత్త పెప్టైడ్‌దే తీసుకోవాలి, టీఎఫ్ఏ కలిపిన బరువు కాదు. లేకపోతే తరుగు రెండుసార్లు తీసినట్టు అవుతుంది.

సర్టిఫికెట్‌లో ఆ అంకె లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, అమైనో యాసిడ్ అనాలిసిస్ లేదా నైట్రోజన్ అనాలిసిస్ చేసి ఇస్తారు, దానికి విడిగా డబ్బులు అడగొచ్చు. ఈలోపు ఒక అంచనా మీరే వేసుకోవచ్చు. టీఎఫ్ఏ సాల్ట్ అయితే పెప్టైడ్‌లో ఉన్న ప్రతి బేసిక్ గుంపుకీ, అంటే ప్రతి లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, ఇంకా మొదటి చివర ఉండే అమైనో గుంపుకీ, ఒక్కో టీఎఫ్ఏ అంటుకుంటుంది అనుకోండి. దాని బరువు 114. యాంజియోటెన్సిన్ 2లో ఒక ఆర్జినిన్, ఒక హిస్టిడిన్, మొదటి చివర కలిపి మూడు, అంటే 342. 1046ని 1388తో భాగిస్తే 75 శాతం. ఇంకా తేమ లెక్కలోకి రాలేదు. పైన నేను 72 అనుకున్నది ఊరికే అనుకున్నది కాదు.

సెల్స్ మీద పని చేసేవాళ్లు ఆర్డర్ పెట్టేటప్పుడే అసిటేట్ లేదా హైడ్రోక్లోరైడ్ సాల్ట్ అడగడం మేలు. మిగిలిపోయిన టీఎఫ్ఏ కొన్ని రకాల సెల్స్ ఎదుగుదలని తగ్గిస్తుందని చాలా ఏళ్ల క్రితమే తేలింది. కొంచెం ఖర్చు పెరుగుతుంది గానీ తర్వాత అనుమానాలు ఉండవు.

మూత తీసే ముందు

ఫ్రీజర్ నుంచి తీసిన వయల్‌ని వెంటనే తెరవొద్దు. చల్లటి పొడి మీదకి గదిలోని గాలి తగలగానే తేమ నీటి బొట్లుగా దిగుతుంది, పొడి దాన్ని పీల్చుకుంటుంది. వానాకాలంలో అయితే మరీ ఘోరం. మూత బిగించి ఉండగానే డెసికేటర్‌లో (లోపల తేమ లేకుండా ఉంచే మూత పాత్ర) పెట్టి అరగంట నుంచి గంట ఆగండి, వయల్‌ని ముట్టుకుంటే చల్లదనం తగలకూడదు. డెసికేటర్‌లో సిలికా జెల్ నీలం రంగులో ఉందా, గులాబీ రంగుకి తిరిగిందా చూడండి, గులాబీ అయితే ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి. తర్వాత వయల్‌ని మైక్రోఫ్యూజ్ అనే చిన్న సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు తిప్పండి, మూతకీ గోడలకీ అంటుకున్న పొడి కిందికి దిగుతుంది. వయల్ సెంట్రిఫ్యూజ్‌లో పట్టకపోతే టేబుల్ మీద మెల్లగా తట్టినా చాలు. ఇక ఫ్యాన్ ఆపేయండి. చెమటలు కారుతున్నా ఆపేయాల్సిందే, ఈ పొడి ఎంత తేలికంటే సీలింగ్ ఫ్యాన్ గాలికి కూడా ఎగిరిపోతుంది.

కొంత పొడి తూచి మిగతాది దాచుకుందాం అనుకోవద్దు. 1 మి.గ్రా. తూయడానికి మామూలు ల్యాబ్ బ్యాలెన్స్ సరిపోదు, పైగా తూచేలోపే పొడి తేమ పీల్చి బరువు పెరుగుతుంది, స్టాటిక్ వల్ల స్పాచులాకి అంటుకుంటుంది. వయల్‌లో ఉన్నదంతా ఒకేసారి కరిగించి, ద్రావణాన్ని చిన్న ట్యూబుల్లోకి పంచుకోవడమే సరైన పని. పెద్ద మొత్తంలో కొనేవాళ్లు ముందే చిన్న వయల్స్‌గా పంపమని కంపెనీని అడగండి.

నీళ్ల సంగతి

నల్గొండ వాళ్లకి నీళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని ఒళ్లు వంకర చేసిందో మనం కళ్లారా చూశాం. కానీ ల్యాబ్‌కి వచ్చేసరికి అదే నీటిని ఒక ఫిల్టర్ గుండా పంపి "ఆర్వో నీళ్లే కదా" అనుకునేవాళ్లు ఉన్నారు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, పైగా నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కూడా ఎక్కువ, అవి ఫాస్ఫేట్ బఫర్‌తో (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ఉప్పు ద్రావణం) కలిస్తే తెల్లగా విరుగుతుంది, మీరేమో పెప్టైడ్ కరగలేదనుకుంటారు. భగీరథ నల్లా నీళ్లు తాగడానికి మంచివే, ల్యాబ్ పనికి అవి కూడా చాలవు. ఇన్వర్టర్ షాపులో దొరికే బ్యాటరీ డిస్టిల్డ్ వాటర్ అసలే వద్దు.

కావలసింది టైప్ 1 నీళ్లు, యంత్రం మీద 25 డిగ్రీల దగ్గర 18.2 మెగా ఓమ్ సెంటీమీటర్ చూపించేవి, అప్పటికప్పుడు పట్టినవి. మీ కాలేజీలో ఆ యంత్రం లేకపోతే మెడికల్ షాపులో 5, 10 మి.లీ. ఆంపుల్స్‌లో దొరికే స్టెరైల్ వాటర్ ఫర్ ఇంజెక్షన్ తెచ్చుకోండి, చిన్న పనులకి అది బాగానే ఉంటుంది. బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్ మాత్రం వద్దు. అందులో 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, సూక్ష్మజీవులు పెరగకుండా వేసినది మీ సెల్స్‌ని కూడా దెబ్బతీస్తుంది.

ఏ ద్రావకం వాడాలి

సీక్వెన్స్ ముందు పెట్టుకుని ఛార్జ్ లెక్కపెట్టండి. లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, మొదటి చివర, ఒక్కోదానికి ప్లస్ 1. ఆస్పార్టిక్ యాసిడ్, గ్లూటమిక్ యాసిడ్, ఆఖరి చివర, ఒక్కోదానికి మైనస్ 1. చివరలు అసిటైల్‌తోనో అమైడ్‌తోనో మూసేసి ఉంటే వాటిని లెక్కలో వేయొద్దు, ఇది చాలామంది మరిచిపోతారు. యాంజియోటెన్సిన్ 2కి మూడు ప్లస్‌లు, రెండు మైనస్‌లు, మొత్తం ప్లస్ 1.

ప్లస్ వస్తే ముందు నీళ్లతో చూడండి, కరగకపోతే 10 శాతం అసెటిక్ యాసిడ్. మైనస్ వస్తే ముందు నీళ్లు, కరగకపోతే కొద్దిగా పలచటి అమోనియా గానీ అమ్మోనియం బైకార్బొనేట్ గానీ, కానీ సిస్టీన్ ఉంటే ఆ క్షారం జోలికి వెళ్లొద్దు, సిస్టీన్‌లు ఒకదానికొకటి ముడిపడి డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడతాయి. ఛార్జ్ సున్నా అయి, సగానికి పైగా నీళ్లంటే పడని అమైనో ఆమ్లాలు ఉంటే, అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, ఫినైల్ అలనిన్ లాంటివి, నేరుగా డీఎంఎస్‌ఓతో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం) మొదలుపెట్టండి. మెథియోనిన్, సిస్టీన్, ట్రిప్టోఫాన్ ఉన్నప్పుడు డీఎంఎస్‌ఓ వాటిని ఆక్సిడైజ్ చేయగలదు కాబట్టి డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) వైపు వెళ్లండి, అది విషపూరితం, ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. 5 అమైనో ఆమ్లాల లోపు చిన్నవి చాలావరకు నీళ్లలోనే కరుగుతాయి.

డీఎంఎస్‌ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబర్, జనవరి పొద్దున ల్యాబ్‌కి వస్తే బాటిల్ గడ్డగా కనిపించొచ్చు, పాడైందని పారేయకండి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెడితే సరి. అది చర్మంలోంచి లోపలికి దిగుతుంది, కరిగినదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది, కాబట్టి గ్లోవ్స్ వేసుకోండి.

కరిగించడం

ముందుగా పిపెట్ సంగతి చూసుకోండి. 1 మి.లీ. నీళ్లు బ్యాలెన్స్ మీద పోస్తే 25 డిగ్రీల దగ్గర 0.997 గ్రాములు రావాలి. అయిదారుసార్లు పోసి చూస్తే పిపెట్ నిజాయితీ తెలిసిపోతుంది, క్యాలిబ్రేషన్‌కి పంపి ఏళ్లయిన పిపెట్‌తో ఇంత ఖరీదైన సరుకు ముట్టుకోవద్దు. డీఎంఎస్‌ఓ చిక్కగా ఉంటుంది, మెల్లగా పీల్చి మెల్లగా వదలండి, టిప్‌ని ఒకసారి ద్రావకంతో తడిపి అప్పుడు కొలవండి.

లెక్కలో వచ్చిన మొత్తం ఒకేసారి పోసేయొద్దు. 3.27 మి.లీ. కావాలంటే ముందు 2 మి.లీ. లోపే వయల్ గోడ వెంబడి జారవిడిచి, మెల్లగా గుండ్రంగా తిప్పి, కాసేపు వదిలేయండి. వోర్టెక్స్ (ట్యూబ్‌ని వేగంగా కుదిపే యంత్రం) మీద గట్టిగా పెడితే నురుగు వస్తుంది, అంటుకునే గుణం ఉన్న పెప్టైడ్‌లు ఆ నురుగులోనే ముద్దకడతాయి. అయిదు పది నిమిషాల తర్వాత వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. తేటగా ఉంటే మిగతాది పోసి మొత్తం సరిచేయండి. మబ్బుగా ఉంటే ఇంకా చోటు ఉంది కాబట్టి యాసిడ్ చుక్కలో, ఇంకో ద్రావకమో కలపడానికి వీలవుతుంది. మొదటే అంతా పోసేస్తే ఆ అవకాశం పోతుంది. అవసరమైతే బాత్ సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కదిలించే నీటి తొట్టి) ఐస్ వేసి కొన్ని సెకన్లు, ఆపి, మళ్లీ కొన్ని సెకన్లు పెట్టండి.

వయల్ రబ్బరు మూతతో వాక్యూమ్‌లో సీల్ అయి ఉంటే మూత తీయగానే గాలి దూసుకెళ్లి పొడి ఎగురుతుంది. సన్న సూదితో మూతలోంచి గాలిని మెల్లగా లోపలికి వెళ్లనిచ్చి, అప్పుడు తెరవండి.

బఫర్‌లో నేరుగా కరిగించొద్దు. ఉప్పు ఎక్కువ ఉంటే కరగాల్సింది కూడా కరగకపోవచ్చు. ముందు నీళ్లలో చిక్కటి స్టాక్, తర్వాత బఫర్‌లోకి పలచన. డీఎంఎస్‌ఓ స్టాక్ అయితే కలుపుతూ ఉన్న బఫర్‌లోకి చుక్కచుక్కగా పోయండి, తెల్లగా మబ్బు కడితే మీ పెప్టైడ్ హద్దు దాటిందని అర్థం, అక్కడితో ఆగండి. సెల్స్ మీద చివరికి మిగిలే డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటకూడదు, 0.1 దగ్గర ఉంటే ఇంకా నిశ్చింత, పెప్టైడ్ లేకుండా అంతే డీఎంఎస్‌ఓ పోసిన కంట్రోల్ పక్కనే ఉండాలి. స్టెరైల్ కావాలంటే ప్రోటీన్ తక్కువ పట్టే 0.22 మైక్రాన్ ఫిల్టర్ వాడండి, పెప్టైడ్‌ని ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు.

నిజంగా ఎంత ఉందో చూసుకోవడం

టైరోసిన్ గానీ ట్రిప్టోఫాన్ గానీ ఉంటే 280 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ చెబుతుంది. ఒక్కో టైరోసిన్‌కి 1490, ఒక్కో ట్రిప్టోఫాన్‌కి 5500 మోలార్ అబ్జార్ప్షన్ వేసుకోండి. యాంజియోటెన్సిన్ 2లో ఒక్క టైరోసిన్ ఉంది, 1 మిల్లీమోలార్ స్టాక్‌ని అయిదింతలు పలచన చేస్తే 0.298 రావాలి. మీకు 0.20 దగ్గర వచ్చిందంటే పైన చెప్పిన లేబుల్ తప్పే జరిగిందేమో వెనక్కి వెళ్లి చూడండి. బ్లాంక్‌లో, అంటే పెప్టైడ్ లేకుండా సున్నా చేయడానికి పెట్టేదానిలో, అదే ద్రావకం అదే మోతాదులో ఉండాలి. బ్రాడికైనిన్ లాంటి వాటిలో ఆ రెండూ లేవు, వాటికి 205 దగ్గర పెప్టైడ్ బంధాన్నే కొలవాలి, అప్పుడు క్వార్ట్జ్ క్యూవెట్ (కొలిచే ద్రావణం పోసే చిన్న గిన్నె) కావాలి, డీఎంఎస్‌ఓ ఉండకూడదు, అది ఆ తరంగదైర్ఘ్యం దగ్గర అంతా మింగేస్తుంది.

దాచడం

కొలిచిన రోజే చిన్న చిన్న భాగాలుగా, ఒక్కో ప్రయోగానికి సరిపడా, లో బైండింగ్ ట్యూబుల్లో పంచండి. పలచటి పెప్టైడ్ మామూలు ప్లాస్టిక్‌కీ గాజుకీ అంటుకుని మాయమవుతుంది. పీహెచ్ 5 నుంచి 7 మధ్య ఉంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పేరు, మోలారిటీ, ద్రావకం, బ్యాచ్, తేదీ రాసి, ఆ రాత మీద పారదర్శక టేప్ అంటించండి, స్పిరిట్ చెయ్యి తగిలితే మార్కర్ రాత చెరిగిపోతుంది.

కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తెరిచి చూడొద్దు, తెరిచిన ప్రతిసారీ చల్లదనం పోతుంది. ట్యూబుల్ని థర్మాకోల్ డబ్బాలో, చుట్టూ ఐస్ ప్యాక్‌లు పెట్టి, ఆ డబ్బానే ఫ్రీజర్‌లో ఉంచితే చాలాసేపు తట్టుకుంటుంది. ఫ్రీజర్ మీద ఒక కాగితం అంటించి కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది రాయించండి, రాత్రి వాచ్‌మన్‌కి కూడా చెప్పండి.

వాడే రోజు ఒక ట్యూబ్ మాత్రమే తీసి, ఐస్ మీద కరగనిచ్చి, డీఎంఎస్‌ఓ స్టాక్ అయితే గది వేడిలో కరగనిచ్చి, చిన్న స్పిన్ ఇచ్చి, అడుగున తెల్లటి చుక్క ఏమైనా ఉందేమో చూసి వాడండి. మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకుండా పారేయండి.